టోలుకు 47 సెకన్లు, రోడ్డుకు 12 గంటలు

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందుకు ఐదో తరగతి లెక్క ఒకటి వచ్చింది. దూరం 65 కిలోమీటర్లు. టోలు 150 రూపాయలు. పట్టిన సమయం 12 గంటలు. అయితే ప్రయాణికుడు కట్టాల్సింది ఎంత? ఈ లెక్క తేల్చడానికి అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్‌తో కలిపి ముగ్గురు న్యాయమూర్తులు, కేంద్రం తరఫున సొలిసిటర్ జనరల్, జాతీయ రహదారుల సంస్థ, రోడ్డు నడిపే కంపెనీ వారి వకీళ్ళు, ఇంతమంది కూర్చోవలసి వచ్చింది.

ఆ రోడ్డు కేరళలోని 544వ నంబరు జాతీయ రహదారి. ఎడప్పల్లి నుంచి మన్నుత్తి దాకా సాగే ఆ ముక్కకు త్రిశూర్ జిల్లా పాలియక్కర దగ్గర టోల్‌గేటు ఉంది. ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోట్ల అండర్‌పాస్‌లు కడదామని ఒకేసారి చాలాచోట్ల తవ్వారు. మంచి పనే. తవ్విన చోట బండ్లన్నిటినీ సర్వీసు రోడ్డు మీదికి మళ్ళించారు. ఆ సర్వీసు రోడ్డు వానకు గుంతలు తేలి ఉంది. బండ్లు ఆగిపోయాయి. ఆగనిది ఒక్క టోలు వసూలు. దాన్ని ఆగస్టు 6న కేరళ హైకోర్టు నాలుగు వారాలపాటు ఆపింది. రోడ్డు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు కదలని రహదారుల సంస్థ, వసూలు ఆగగానే ఢిల్లీకి కదిలింది.

అక్కడ జరిగిన వాదన వినదగ్గది. 12 గంటల జామ్‌కి కారణం లారీ బోల్తా పడటమని, అది దైవఘటన అని సొలిసిటర్ జనరల్ చెప్పారు. లారీ తనంతట తాను పడలేదు, గుంతలో పడి బోల్తా కొట్టిందని ధర్మాసనంలోని జస్టిస్ వినోద్ చంద్రన్ గుర్తుచేశారు. దేవుడికి ఆ విధంగా క్లీన్‌చిట్ దొరికింది. ఇబ్బందిని బట్టి టోలు కొంత తగ్గించవచ్చు కదా అనే మాట కూడా వచ్చింది. 12 గంటలు పడితే తగ్గింపు ప్రశ్నే లేదు, సంస్థే ప్రయాణికుడికి ఎదురివ్వాలన్నట్టుగా ధర్మాసనం వ్యాఖ్యానించింది. 19వ తేదీన అప్పీలు కొట్టేసింది.

సరిగ్గా ఆ రెండు తేదీల మధ్య, ఆగస్టు 15న, దేశానికి ఇంకో కానుక అందింది. ఫాస్టాగ్ వార్షిక పాసు. అప్పట్లో సొంత కారుకు 3,000 రూపాయలు కడితే ఏడాది పాటు గానీ, 200 ట్రిప్పులు గానీ, ఏది ముందు పూర్తయితే అంతవరకు జాతీయ రహదారుల మీద తిరగవచ్చు. రోజూ టోల్‌గేటు దాటి ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఇది నిజంగా లాభసాటి బేరం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద చెల్లదు, అది రాష్ట్రానిది. అయితే పాలియక్కర లెక్కన పాసు వాడితే 200 ట్రిప్పులకు 2,400 గంటలు, అంటే నూరు రోజులు. కారులోనే శతదినోత్సవం చేసుకోవచ్చు.

ఎలక్ట్రానిక్ టోలును మాత్రం వెక్కిరించడానికి లేదు. పాత టోల్‌గేటు గుర్తున్నవాళ్ళు ఆ మాట ఒప్పుకుంటారు. నూటికి చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టేవాడు, రసీదు గాలికి ఎగిరిపోతే దిగి వెతికే డ్రైవరు, వెనక హారన్లు. 2014లో అహ్మదాబాద్ - ముంబై దారిలో ప్రయోగంగా మొదలైన ఫాస్టాగ్‌ను తప్పనిసరి చేయడానికి 2019 డిసెంబరు 1 అన్నారు, తర్వాత డిసెంబరు 15 అన్నారు, అటు తర్వాత జనవరి, చివరికి 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రికి ముడి పడింది. 2018-19లో టోల్‌గేటు దగ్గర సగటున 8 నిమిషాలు ఆగాల్సి వచ్చేదని, ఫాస్టాగ్ వచ్చాక అది 47 సెకన్లకు దిగిందని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ చెప్పారు.

అద్దానికి అతికించిన ఆ స్టిక్కరులో బ్యాటరీ కూడా ఉండదు. గేటు మీది రీడరు పంపే రేడియో తరంగం తగలగానే చిప్పు మేల్కొని తన నంబరు చెబుతుంది. ఆ నంబరు వసూలు చేసే బ్యాంకు నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ గుండా ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. అక్కడ డబ్బు తెగుతుంది, ఫోను మోగుతుంది. డబ్బు దేశం చుట్టి వచ్చేలోగా బండి ముందుకు పోయి, అరకిలోమీటరు అవతల ‘పనులు జరుగుచున్నవి’ బోర్డు దగ్గర ఆగుతుంది.

ట్యాగు పలకకపోతే కథ వేరే. కుర్రాడొకడు చేతి మిషను పట్టుకొని పరుగున వస్తాడు. అద్దం తుడవమంటాడు, కొంచెం వెనక్కి తీయమంటాడు, మళ్ళీ ముందుకు రమ్మంటాడు. ట్యాగు చెల్లేదై, ఖాతాలో డబ్బు ఉండి, గేటు మిషను పనిచేయకపోతే బండిని ఉచితంగా వదిలి సున్నా రూపాయల రసీదు ఇవ్వాలని 2018 నుంచీ నియమం ఉంది. ఆ రసీదు అడిగినవాడి వంక టోల్‌గేటు సిబ్బంది చూసే చూపు చాలామందికి అనుభవమే. ట్యాగు లేని బండికైతే ఏ తర్జనభర్జనా ఉండేది కాదు, నగదుకు రెట్టింపు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు.

బండ్లవాళ్ళ పక్షాన కూడా ఒక గీత ఉండేది. 2021 మే నెలలో రహదారుల సంస్థ ముచ్చటైన ఉత్తర్వు తెచ్చింది. రద్దీ వేళలో కూడా ఒక్కో బండి 10 సెకన్లకు మించి ఆగకూడదు, వరుస 100 మీటర్లు దాటితే అది తగ్గేదాకా బండ్లను డబ్బు తీసుకోకుండా వదలాలి. ఎంత దూరమో తెలియడానికి రోడ్డు మీద పసుపు గీత. గీత అవతల ఆగినవాళ్ళు ఫోన్లలో ఉత్తర్వు చూపించి వాదించడం మొదలుపెట్టారు. 2024లో ఆ మినహాయింపును వెనక్కి తీసుకున్నారు.

ఇదంతా గేటు దగ్గరి సంగతి. గేటు దాటాక యంత్రాల రాజ్యం ముగిసి, తారు డబ్బాల రాజ్యం మొదలవుతుంది. రోడ్డు పని జరిగే చోట ట్రాఫిక్‌ను ఎలా నడపాలో చెప్పడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి పుస్తకమే ఉంది, దాని నంబరు ఎస్‌పీ 55. దాని ప్రకారం పని చోటు నాలుగు భాగాలు. ముందుగా హెచ్చరించే భాగం, బండిని మెల్లగా పక్కకు తిప్పే భాగం, పని జరిగే భాగం, తిరిగి అసలు దారిలో కలిపే భాగం. ఎక్కడ ఏ బోర్డు, ఎంత ఎత్తున, ఎన్ని మీటర్ల ముందు, రాత్రి మెరిసే రేకు ఎలాంటిది, జెండా మనిషి ఎక్కడ నిలబడాలి, అన్నీ బొమ్మలతో సహా ఉంటాయి.

రోడ్డు మీద ఈ నాలుగు భాగాలూ తరచు ఒకే చోట కలిసిపోతాయి. హెచ్చరిక బోర్డు గుంత ఒడ్డునే ఉంటుంది, పడ్డాక చదువుకోవడానికి వీలుగా. బండిని పక్కకు తిప్పడానికి రెండు ఇసుక బస్తాలు, వాటి మీద ఒక వేపకొమ్మ. జెండా మనిషి చాలాచోట్ల బొమ్మే. హెల్మెట్, మెరిసే జాకెట్, చేతిలో ఎర్రజెండా అన్నీ నియమం ప్రకారమే ఉంటాయి. పొలంలో దిష్టిబొమ్మలా రాత్రింబవళ్ళు ఒకే వైపు చెయ్యి చూపిస్తూ ఉంటాడు. నిన్నటి దారి ఈ రోజు మూతపడినా ఆయన చెయ్యి మాత్రం మారదు. దుమ్ము లేవకుండా ట్యాంకరు నీళ్ళు చల్లుతుంది, నీళ్ళు చల్లడానికి అది రోడ్డు మధ్యలో ఆగుతుంది. అయిపోయిన పనికి సంబంధించిన బోర్డు నెలల తరబడి నిలబడి ఉండటం వల్ల, నిజంగా పని ఉన్నచోటి బోర్డునూ ఎవరూ నమ్మరు. ఈ మొత్తం ఏర్పాటులో ఎలక్ట్రానిక్ అనదగింది, వెలిగితే, ఎర్రలైటు ఒక్కటే.

తెలుగువాళ్ళకు ఈ పాఠం చెప్పడానికి కేరళ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ - విజయవాడ దారి 65వ నంబరు జాతీయ రహదారి. 2012 చివర్లో నాలుగు వరుసలై, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్ల దగ్గర వసూలు మొదలైంది. అప్పటిదాకా దాన్ని చూసిన జీఎమ్మార్ సంస్థ పక్కకు తప్పుకోగా 2024 జులైలో జాతీయ రహదారుల సంస్థే చేతుల్లోకి తీసుకుంది. ఊళ్ళను చీల్చుకుంటూ వేసిన రోడ్డు కావడంతో జనం అటూ ఇటూ దాటుతూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 17 బ్లాక్‌స్పాట్లు తేల్చి అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్ల పనులు మొదలుపెట్టారు. చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల పేర్లు 2026 సంక్రాంతి ముందు టీవీ వార్తల్లో నడిచాయి. ఏటా పంతంగి గేటు దగ్గర కనిపించే వరుస ఈసారి గేటుకు ముందూ వెనకా తవ్వకాల దగ్గర కనిపించింది. గుంటూరు వెళ్ళేవాళ్ళు సాగర్ దారి పట్టండని పోలీసులు ముందే చెప్పారు. డబ్బు కట్టే రోడ్డు గురించి ఇవ్వగలిగిన మంచి సలహా దాని మీదికి రావద్దనడమే అయింది.

అదే సంక్రాంతికి ముందు తెలంగాణ రోడ్లు భవనాల మంత్రి కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి పండగ రోజుల్లో ఈ దారిలో టోలు ఎత్తేయమని గడ్కరీకి లేఖ రాశారు. గేట్ల దగ్గర రద్దీ తగ్గాలన్నది ఆయన ఉద్దేశం. వరుసలు తగ్గించడానికి ఎలక్ట్రానిక్ టోలు పెట్టారు, వరుసలు తగ్గాలంటే ఎలక్ట్రానిక్ టోలు ఆపాలట. ఈ రోడ్డును ఆరు వరుసలు చేసే పని అప్పటికి ఇంకా ముందుంది.

కేంద్రం చూపు మాత్రం ఆకాశం మీద ఉంది. ఉపగ్రహం సాయంతో తిరిగినంత దూరానికే టోలు, మొదటి 20 కిలోమీటర్లు ఉచితం అంటూ 2024 సెప్టెంబరులో నియమాలు సవరించారు. మే 1 నుంచి దేశమంతా ఉపగ్రహ టోలు అని ప్రచారం జరిగితే, అలాంటి నిర్ణయమేదీ లేదని 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వమే ప్రకటించింది. ఉపగ్రహం దిగి వచ్చాక కెమెరా ఎక్కింది. నంబరు ప్లేటునూ ఫాస్టాగ్‌నూ పరుగులోనే చదివేసే, గేటు అడ్డం లేని టోలు కోసం గుజరాత్‌లోని చోర్యాసీ దగ్గర ఐసీఐసీఐ బ్యాంకుతో ఒప్పందం కుదిరింది. అదీ 2025 ఆగస్టులోనే! టొరంటో పక్కన 407 రహదారి మీద 1997 నుంచే గేట్లు లేవు, అక్కడి తెలుగువాళ్ళకు బిల్లు ఇంటికొస్తుంది. ఇక్కడా గేటు పోతే, బండిని ఆపే గౌరవం మొత్తం ఇసుక బస్తాలకే దక్కుతుంది.

పాలియక్కరలో టోలు రెండు నెలల పైచిలుకు ఆగి, 2025 అక్టోబరు 17న హైకోర్టు అనుమతితో పాత రేటుకే మళ్ళీ మొదలైంది. ఇక చాలా జాతీయ రహదారుల మీద టోలు పెంపు ఏటా ఏప్రిల్ 1న వస్తుంది. దానికో సూత్రం ఉంది: స్థిరంగా మూడు శాతం, దానికి తోడు టోకు ధరల పెరుగుదలలో 40 శాతం. అండర్‌పాస్ ఎప్పటికి పూర్తవుతుందో చెప్పడానికి అలాంటి సూత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. 2024లో మాత్రం ఆ పెంపు ఏప్రిల్ 1 నుంచి జూన్ 3కి జరిగింది. కారణం వానలూ కాదు, తవ్వకాలూ కాదు. లోక్‌సభ ఎన్నికలు.