వాల్వు తప్ప అన్నీ మూసుకున్నాయి

మా ఇంట్లో పిల్లలు పాసైతే స్వీట్లు పంచుతాం. ఫ్యాక్టరీలో వాల్వు పాసైతే తల పట్టుకుంటాం. మూసేశాక కూడా లోపల్నుంచి ఆవిరి జారిపోతుంటే ‘వాల్వు పాసింగు’ అంటారు. ఫెయిలైందని అర్థం.

పోయిన నెల మా స్టీము కంట్రోల్ వాల్వు అలాగే పాసైంది. కంట్రోల్ రూములో తెర మాత్రం ‘సున్నా శాతం’ అని, అంటే పూర్తిగా మూసుకుందని, నిబ్బరంగా చూపిస్తోంది. ఫిట్టరన్న వచ్చి, “మీ తెర సున్నా అంటున్నది సార్, పైపేమో చెయ్యి పెట్టనిస్తలేదు” అన్నాడు.

వాల్వు కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాం. సీరియల్ నంబరు అడిగారు. అది వాల్వు మీద రేకుపై ఉంటుంది. ఎండీ గారు వస్తున్నారని ఆ రేకుకి రెండు కోట్లు పెయింటు కొట్టించాం (రూపాయలు కాదు లెండి, పూతలు). గీకి గీకి నంబరు చెబితే, “గ్లాండు బిగించండి” అన్నారు. కాడ చుట్టూ కూరిన ప్యాకింగును నొక్కిపట్టేదే గ్లాండు. బయటికి కారితే బిగించాలి. మాది కారేది లోపల. అయినా పెద్దల మాట కదా, బిగించాం. కాడ ఇరుక్కుపోయింది. అంతకుముందు మూసుకునేది కాదు, ఇప్పుడు తెరుచుకోదు కూడా. “పరిస్థితిలో మార్పు ఉంది” అని వాళ్లు రాసుకున్నారు.

ఇంజినీరు ఎప్పుడొస్తాడంటే, పీవో (కొనుగోలు ఆర్డరు) రాగానే అట. మా ఆఫీసులో పీవోకి ఐదు సంతకాలు. ఈలోగా సీటు (వాల్వు మూత వచ్చి ఆనే చోటు) మీద పడ్డ సన్నటి గీతలోంచి ఆవిరి దూసుకుపోతూ దాన్ని కాలవ చేస్తుంది. ఉక్కునైనా సరే, కోసేస్తుంది. మొదటి సంతకం నాడు సీటు నూరితే సరిపోయేది, ఐదో సంతకానికి సీటే మార్చాలి.

ప్యానెల్‌ని నమ్మినవాళ్లం మేమొక్కళ్లమే కాదు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని, మళ్లీ మూసుకోలేదు. ప్యానెల్ మీద దీపం మాత్రం బుద్ధిగా ఆరిపోయింది. ‘మూసుకో’ అని ఆజ్ఞ వెళ్లిందన్న సంగతే ఆ దీపానికి తెలుసు, మూసుకుందో లేదో తెలీదు. రెండు గంటలకు పైగా రియాక్టరును చల్లబరిచే నీళ్లు పోతూనే ఉన్నాయి. చివరికి రియాక్టరు కోర్ దాదాపు సగం కరిగింది. అంతకు ఏడాదిన్నర ముందే ఒహాయోలో ఇంకో అణు కేంద్రంలో ఇలాంటి వాల్వే ఇలాగే ఇరుక్కుంది. ఆపరేటర్లను హెచ్చరించాలని రియాక్టరు తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు తమలో తాము మెమోలు రాసుకున్నారు. రాసుకున్నారు, అంతే. వాటికీ పీవో రాలేదేమో.

నిన్న నాకు ఎస్సెమ్మెస్ వచ్చింది: ‘మీ ఫిర్యాదు క్లోజ్ అయింది. మా సేవకు ఎన్ని స్టార్లిస్తారు?’

చూపిద్దామని ఫిట్టరన్న దగ్గరికెళ్లాను. మూసుకున్న ఆ వాల్వు అవతల, వేడి ఆపే తొడుగు ఊడిన పైపు మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు.

“జర ఆగుండ్రి సార్. సున్నా శాతం మీద పప్పు ఉడుకైతున్నది.”