అర్ధరాజ్యం లెక్క

చందమామ కథల్లో రాజులకి కూతుళ్లంటే ప్రేమ ఎక్కువ, లెక్కలు తక్కువ. ఎవడో ఓ కుర్రాడు రాక్షసుణ్ణి చంపి వస్తాడు. రాజుగారు వెనకా ముందూ చూడకుండా పెద్దమ్మాయినీ, అర్ధరాజ్యాన్నీ ఇచ్చేస్తారు. రెండో అమ్మాయి పెళ్లికి మిగిలినదాంట్లో సగం. ఇలా ఐదుగురు కూతుళ్ల పెళ్లిళ్లయ్యేసరికి ఆయన చేతిలో ఉండేది 32వ వంతు. అంటే మహా అయితే ఓ కోట, చుట్టూ కందకం, కందకంలో మొసళ్లు. ఆ మొసళ్లకి మేత ఎక్కణ్ణుంచి తెస్తారు? ఈ బెంగతోనే నాకు భిన్నాలు వచ్చేశాయి. మా నాన్న లెక్కల మాస్టారు. ఆ ఘనత తనదేనని ఊరంతా చెప్పుకునేవాడు.

1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక పిల్లలదని మా ఇంట్లో పిల్లలకి తప్ప ఎవరికీ తెలీదు. పోస్టుమేన్ చేతిలోంచి అది తిన్నగా తాతయ్య పడక్కుర్చీలోకి వెళ్లేది. పిల్లలు చదవదగ్గదో కాదో ముందు తను చూడాలిట. ఆయన చూశాక, ‘భారతం ఒక్కటే చూసి ఇచ్చేస్తా’నని నాన్న. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఒక్క కథని అమ్మ. పప్పు మాడిన వాసన వస్తే ఆ నెల కథ బాగుందని మాకు గుర్తు. మా వంతు వచ్చేసరికి అట్టమీద వడ్డాది పాపయ్యగారి రాకుమారి చెంపకి పసుపు అంటుకుని ఉండేది. పెళ్లికూతురిలా ఉందని సరిపెట్టుకునేవాళ్లం.

తాతయ్యకి అసలు మోజు ఫోటో వ్యాఖ్యల పోటీ మీద. రెండు ఫోటోలిస్తారు, వాటికి జతకుదిరే మాటలు రాసి కార్డు మీద పంపాలి. ఫోటోలో కోతి ఉన్నా కొండ ఉన్నా ఆయన వ్యాఖ్య తిరిగి తిరిగి నాయనమ్మ మీదికే పోయేది. బహుమతి ఎన్నడూ రాలేదు. గెలిచినవాడి వ్యాఖ్యలో యతి ఎక్కడ తప్పిందో మమ్మల్ని కూచోబెట్టి నిరూపించేవాడు. వచనంలో యతేమిటని అడిగే ధైర్యం మాకుండేది కాదు.

బేతాళ కథ మాకు కథ కాదు, చట్టం. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుంది. నోరు విప్పితే శవం చెట్టెక్కుతుంది. బళ్లో సోషల్ మాస్టారు ప్రశ్న వేసినప్పుడు నేను నిబ్బరంగా నిలబడేవాణ్ణి. నాకు జవాబు తెలీదు కాబట్టి నా తలకి వచ్చిన ప్రమాదమేమీ లేదు. ప్రమాదం వీపుకని ఆ కథల్లో ఎక్కడా రాయలేదు.

శంకర్ గారి బొమ్మలో రాజు ఒక చేత్తో కత్తి పట్టుకుని, శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటాడు. మా ఇంట్లో కత్తి కందికంప, శవం మా తమ్ముడు. చింతచెట్టు కొమ్మ మీంచి వాణ్ణి దింపి భుజాన వేసుకుని మౌనంగా బయల్దేరేవాణ్ణి. దారిలో వాడు కథ చెప్పాలి. వాడి కథలన్నీ ‘అనగనగా ఒక రాజు, ఆయనకి ఆకలేసింది’ దగ్గరే ఆగేవి. పెరటి గుమ్మంలో నాయనమ్మ అడ్డు తగిలి, “ఎక్కడ తిరుగుతున్నార్రా?” అనేది. తెలిసిన ప్రశ్న. తల దక్కించుకోడానికి జవాబు చెప్పేవాణ్ణి. అంతే, శవం కిందికి దూకి చెట్టు వైపు పరుగు. సంస్కృతంలో ఈ కథలు ఇరవై ఐదే. చందమామవాళ్లు అవి అయిపోయాక కూడా కొత్తవి అల్లుకుంటూ దశాబ్దాలు నడిపారు. ఆ రాజు భుజం సంగతి నాకు బాగా తెలుసు.

పెద్దయ్యాక తెలిసిన విడ్డూరం ఒకటుంది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఈ దయ్యాల్నీ, భూతాల్నీ మా ఇళ్లకి పంపిన సంపాదకుడు కొడవటిగంటి కుటుంబరావు. ఆయన పక్కా హేతువాది. దయ్యాల్ని నమ్మనాయన నెలనెలా దయ్యాల్ని పంపేవాడు. దయ్యాల్ని మనసారా నమ్మే మా నాయనమ్మ, “అవన్నీ ఉత్తివి, కళ్లు మూసుకో” అనేది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేలక నేను తెల్లవార్లూ మేలుకునేవాణ్ణి.

అసలు హింస సీరియల్‌ది. తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం... ఇవన్నీ దాసరి సుబ్రహ్మణ్యంగారు రాశారని చాలా ఏళ్లకి తెలిసింది. అప్పట్లో రచయిత పేరు వేసేవారు కాదు. మాంత్రికుడు శూలం ఎత్తిన చోట ‘ఇంకా ఉంది’ అని ఆపేసేవారు. నెల్లాళ్లు ఆ శూలం గాల్లోనే ఉండాలి. మాంత్రికుడికి చెయ్యి లాగదూ? అందుకని తరవాతి భాగం నేనే చెప్పేవాణ్ణి, బళ్లో వేపచెట్టు కింద. టిక్కెట్టు ఒక జీడి. నా కథలో మాంత్రికుడు మా ఊరి రైసుమిల్లులో దాక్కునేవాడు. రాత్రిళ్లు మిల్లు చేసే చప్పుడు అతగాడి గురకే. ఏనుగు మీద వెళ్లాల్సిన యువరాజు ఏనుగుకి మేత చాలదని సైకిలెక్కేవాడు. ఈ ఏర్పాట్లన్నీ శ్రోతలకి నచ్చేవి. రైసుమిల్లు ముందునుంచి వెళ్లడం మానేసి చుట్టుదారిన బడికొచ్చేవాళ్లు.

తీరా కొత్త సంచిక వచ్చేది. మాంత్రికుడు ఏ గుహలోనో తేలేవాడు, మిల్లు ఊసే ఉండేది కాదు. నా శ్రోతలంతా నన్ను చుట్టుముట్టి జీళ్లు తిరిగిమ్మనేవాళ్లు. తినేసిన జీడి ఎక్కణ్ణుంచి తెచ్చేది! ఒక్కడు మాత్రం జీడి అడగలేదు. మిల్లు పక్క సందులోనే వాళ్లిల్లు. ఆ గురక రోజూ వినేవాడు. చందమామని రెండుసార్లు తిరగేసి, అచ్చులో తప్పు పడిందని తేల్చాడు.