థర్మోకోల్ బతుకమ్మ

2025వ సంవత్సరమున దసరా సెలవు లిచ్చిన సాయంకాలమే హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ కూడలి వరకు గల శిశుపాఠశాలల తలిదండ్రుల ఫోనులను ఒక్కుమ్మడిగ మ్రోగించిన ఆ రంగురంగుల జాబితాను మీరును చూచియే యుందురు. చూడకుంటిరేని, మీ యింట ఆరేండ్ల లోపు శిశువు లేదనియో, ఉండియు ఇంకను బడికి పంపని పుణ్యాత్ములు మీరనియో నిశ్చయింపవచ్చును. కుటుంబమంతయు కూడి ఆనందింపవలసిన పనులును, ప్రతి పనికి ఒక గడువు తేదీయు, ఒక ఫోటోయు, ఒక వీడియోయు, ఆ వీడియోలో శిశువు ఆంగ్లమున పలుకవలసిన వాక్యములును నిర్దేశించి, చిట్టచివర ‘ఇది హోంవర్కు కాదు’ అని గురువులు ప్రసాదించిన అభయమును చదివినప్పుడు నాకు కలిగిన కృతజ్ఞతకు మేర లేదు. ఆనందమునకు గడువు తేదీ యుండుట ఎంత సౌకర్యము! అక్టోబరు 4వ తేదీ ఉదయమునకు ఆనందము సిద్ధముగ లేనిచో ఏమగునో యను భయ మొకటి యుండుట చేతనే గదా మా వంటి సోమరులు ఆనందించుటకు పూనుకొనుట.

పోటీపరీక్షల శిక్షణాలయములకు పేరుమోసిన యీ ప్రాంతమున, నాలుగేండ్ల పిల్లలు ఆడుకొనుటకు మాత్రము శిక్షణ లేకపోవుట ఇన్నాళ్లును ఒక లోపముగనే యుండెను; అదియు తీరినది. మెట్రో స్తంభముల నీడన గల స్టేషనరీ దుకాణములు రాత్రి పదిగంటలు దాటినను మూతపడలేదు. నా మనుమరాలి జాబితాను చేతబట్టుకొని నేనును ఆ గుంపులో నిలిచితిని. “ఏ క్లాసు సార్? సామాన్ గావాల్నా, రెడీమేడ్ గావాల్నా?” అని అడిగెను దుకాణదారుడు. నేను తెల్లబోవుట చూచి, “ఎల్కేజీకైతే సాదాది సాల్తది. యూకేజీకి లైట్లున్నది తీస్కపోండ్రి, టీచర్లు గదే అడుగుతున్నరు” అని ఉపదేశించెను. శిశువు స్వహస్తములతో నిర్మింపవలసిన కళాఖండమును ముందే నిర్మించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పేరు వ్రాసికొనుటకు ఒక తెల్లచీటిని అతికించి దుకాణము ముందు వ్రేలాడదీసిరి. ఖాళీగ నున్నది ఆ చీటి యొక్కటే, శిశువునకు మిగిలిన పని అంతే, ఎల్.కె.జి. శిశువునకు వ్రాయ రాదు గనుక అదియు తండ్రియే వ్రాయును.

ఆ యేడు విజయదశమియు గాంధీజయంతియు అక్టోబరు 2వ తేదీననే కలిసివచ్చుటచే, అట్టముక్కల రావణుని పదితలలను, నల్లకాగితపు గాంధీ కళ్లజోడును ఒకే రాత్రి కత్తిరింపవలసి వచ్చిన తల్లులు నిద్రమత్తులో ఏ కళ్లజోడును ఏ తలకు తగిలించిరో ఆ దేవునికే యెరుక. 1937 అక్టోబరులో వార్ధా సభయందు చేతిపని మూలముగ చదువు చెప్పవలెనని గాంధీ వాదించినప్పుడు ఆయన మనసులో నున్న రాట్నము తిరుగునది, నూలు నిచ్చునది. మన పిల్లలకు విధించిన ఐస్‌క్రీమ్ పుల్లల రాట్నమునకు చక్రమును గూడ ఫెవికాల్‌తో బిగియ నంటింతురు, తిరిగినచో ఊడిపోవునని. నిప్పులేని వంట యను పేరిట మారీ బిస్కట్లను పొడిచేసి చుట్టు లడ్డును గూర్చి నేనేమియు చెప్పను. అది తిన్నవాడను నేనే.

ఇవి యన్నియు క్షమింపదగినవి. క్షమింపరానిది బతుకమ్మ. ‘ఎత్తు ఒక అడుగునకు తక్కువ కారాదు. నిజమైన పూవులతో చేయరాదు, బడి తెరచునాటికి వాడిపోవును. థర్మోకోల్, క్రేపు కాగితము, గ్లిట్టర్ షీటు మాత్రమే వినియోగింపుడు’ అని ఆజ్ఞ. పూవులతో బతుకమ్మను చేయరాదట! పూవులనే దేవతగ పేర్చి, ఆ పూవుల చుట్టునే తిరిగి పాడుకొను పండుగకు పూవు నిషిద్ధ మను ధర్మమును ఏ స్మృతికర్తయు ఊహింపలేదు. ఒక వాట్సాప్ బృందము ఊహించినది.

ఈ యాజ్ఞ అమలగుచున్న దినములలో వీథి యందలి పరిస్థితి యేమి? సాగర్ రోడ్డు మీదుగను, విజయవాడ రోడ్డు మీదుగను మూటలతో దిగిన పల్లెటూరి స్త్రీలు ఎల్.బి.నగర్ కూడలి నుండి కొత్తపేట వరకు కాలిబాట ప్రక్కన గునుగు కట్టలు, బంతిపూల రాసులు, 2014లో మన ప్రభుత్వము రాష్ట్రపుష్పముగ ప్రకటించిన తంగేడు కొమ్మలు పరచుకొని కూర్చుండిరి. “గునుగు గునుగు” అని వారు పిలుచుచుండగా ఆ గునుగును దాటుకొని పోయి, కాగితపు గునుగును కొనుటకు మేము దుకాణము ముందు వరుసకట్టితిమి. దానికి వెల యెక్కువ, వాసన లేదు, చీమ యైనను వ్రాలదు. పైగా అది విద్య.

బతుకమ్మను పేర్చుట ఎరిగినవారికి దానిలో శిశువునకు గల వంతు ఎంతటిదో తెలియును. తాంబాళములో గుమ్మడాకు పరచి, దానిపై తంగేడును వలయముగ అమర్చి, గునుగు కంకులను ఒకే పొడవున తుంచి, దారముతో చిన్నచిన్న కట్టలుగ కట్టి, రంగునీళ్లలో ముంచి, వలయముపై వలయముగ సన్నగిల్లుచు పోవునట్లు పేర్చి, శిఖరమున గుమ్మడిపూవును, పసుపు గౌరమ్మను నిలుపు వరకు, ఆకులు దూసి యిచ్చుట, కాడలు తుంచి యిచ్చుట, దారపుకొసను పట్టుకొని కూర్చుండుట, రంగులో మోచేతి వరకు ముంచి చీవాట్లు తినుట ఇంటిలోని చిన్నపిల్లల పనులు. అవి ఎవరును కల్పించి యిచ్చిన పనులు కావు. అవి జరుగనిదే అమ్మ చేయి ముందుకు సాగదు. ఇంతకును ముఖ్యమైన దొకటి కలదు: పూవుల వలయముల నడుమ బోలుగ నుండు చోటును తుంచగ మిగిలిన కాడలతోను ఆకులతోను కూరి నింపెదరు. నాలుగేండ్ల పిల్ల వంకరగ తుంచినది, పొట్టిగ తుంచినది, నలిపివేసినది, సర్వమును బతుకమ్మ కడుపులోనికే పోయి దానిని నిలువబెట్టును. శిశువు తప్పునకు ఇంతటి గౌరవస్థానము నిచ్చిన శిల్పము నాకు మరియొకటి కానరాదు. థర్మోకోల్ శంకువునకు కడుపు లేదు. దానిలో తప్పునకు చోటు లేదు. అందుచేత దానిలో శిశువునకును చోటు లేదు.

అంతకు ముందే వచ్చు బొడ్డెమ్మను తలపుడు. కన్నెపిల్లలు పుట్టమన్ను తెచ్చుకొని మెట్లుమెట్లుగ తమంతట తామే చేసికొందురు. దాని మెట్లు వంకరగ నున్నవని పెద్దలు దిద్దవలె నన్న నియమము లేదు, ఫోటో తీసి పంపవలె నన్న నియమమును లేదు. ఇక బతుకమ్మ, ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగియు తొమ్మిది నాళ్లలో ఏనాటి కానాడు పుట్టి, ఏనాటి కానాడు నీట కలియును. మరునాటికి మిగులదు, మిగులవలసిన పనియు లేదు. బడివారి బతుకమ్మ మిగిలియే తీరవలెను, ఏలన దానికి మార్కులు వేయవలెను. మార్కులు వేసిన పిదప ఆ థర్మోకోల్ నీట కరగదు, మన్నున కలియదు. ఏ చెరువు గట్టుననో చేరి మనకంటె దీర్ఘాయువుగ వర్ధిల్లును. అంతకు ముందు నెలలో వినాయకచవితికి మట్టి ప్రతిమలనే పూజింపవలెనని మా పిల్లల చేత అట్టలు పట్టించి వీథులలో నడిపించిన పాఠశాల యిదియే గదా! ఇక ఎత్తందురా, సెప్టెంబరు 29వ తేదీన సరూర్‌నగర్ స్టేడియములో 63 అడుగులకు మించిన బతుకమ్మను నిలిపి, 1,354 మంది స్త్రీలచే ఆడించి, గిన్నిస్ వారిచే రెండు రికార్డులు వ్రాయించుకొన్న ప్రభుత్వమునకు ప్రక్కవీథిలోనే యుండియు బడివారు ఒక అడుగుతో తృప్తినొందుట వారి దయార్ద్రహృదయమునకు నిదర్శనము.

ఆ దయ యెవరి మీద పడుచున్నదో చెప్పెదను. మా పొరుగింటి యిల్లాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణమున పని చేయును. పండుగ బేరముల నాళ్లలో ఉదయము మొదలు రాత్రి వరకు నిలువుకాళ్లపై చీరలు విప్పి చూపి, మడతపెట్టి, మరల విప్పి, ఇల్లు చేరి, అన్నము తినక ముందే గ్లూ గన్ పట్టుకొని కూర్చుండును. వ్రేలు బొబ్బలెక్కినది. ప్రక్కన చేరిన కొడుకుతో ఆమె అన్న మాట “ముట్టుకోకురా, ఖరాబైతది!” ఆ సెలవులలో ఈ వీథిలోని ప్రతి యింటను, నా యింటను గూడ, శిశువుతో పెద్దలు మాటిమాటికి అన్న వాక్య మిదియే. ఆమె నేమనుటకును నాకు నోరు రాదు. అడుగు ఎత్తు లేనిచో, అందముగ లేనిచో, తరగతి బృందములో తన బిడ్డ ఫోటో క్రింద మాత్రము ఒక బొటనవ్రేలి బొమ్మయైనను పడదని ఆమెకు తెలియును. పిల్లవాడు అతికించిన పూవు తలక్రిందుగ నున్నదని, వాడు నిదురించిన వెనుక తండ్రి దానిని పీకి తిన్నగ పెట్టును. తెల్లవారి వాడు దానిని పోల్చుకొనలేడు. దానికే బహుమతి వచ్చును. చప్పట్ల నడుమ వాడు నేర్చుకొను పాఠ మేది? నీవు చేసినది పనికిరాదు, ఇతరులు చేసిన దానిని నీదని చెప్పుము, చెప్పినచో మెచ్చుకొందురు. నాలుగేండ్ల వయస్సున ఈ పాఠమును ఇంత శ్రద్ధతో బోధించువారిని గురువులని పిలుచుటకు నాకు మనస్కరించుట లేదు.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటిపని ఈయరాదని 2018 మే నెలలో మద్రాసు హైకోర్టు ఆదేశించినది. ఆ యేడు నవంబరులో కేంద్ర మానవ వనరుల శాఖ అన్ని రాష్ట్రములకు వ్రాసినది. 2020 నాటి జాతీయ పాఠశాల సంచి విధానము ఆ మాటనే మరల చెప్పినది. ఒకటవ తరగతికే కూడని భారము ఎల్.కె.జి.కి ఎట్లు కూడును? పేరు మార్చినచో కూడును! కనుకనే ‘ఇది హోంవర్కు కాదు’ అను ఆ చివరి పంక్తి. అది తల్లికి ఇచ్చిన అభయము కాదు, తమకు తాము వ్రాసికొన్న రక్షాపత్రము.

పిల్లలచే పని చేయించుట తెలియని జాతి కాదు మనది. 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, తెలుగునాట రేడియో అన్నయ్యగ, అక్కయ్యగ ప్రసిద్ధులైనవారు, మైకు ముందు పిల్లలనే నిలిపిరి. తడబడిన పిల్లవాని గొంతునకు బదులు తండ్రి గొంతును వినిపింపలేదు. 1966 నుండి పబ్లిక్ గార్డెన్సులో జవహర్ బాలభవనము కలదు. ఎల్.బి.నగర్‌లో మెట్రో యెక్కినచో బండి మారకుండగనే అసెంబ్లీ స్టేషనులో దిగవచ్చును. పిల్లలు అచ్చట రంగులలో చేతులు పెట్టుదురు. ఆ చేతులు వారివే.

తలిదండ్రులారా, సంక్రాంతి సెలవులకు గాలిపటముల జాబితా రాక మానదు. పిల్ల చేసిన గాలిపటము ఎగురకున్నను, తోక ముందునకు వచ్చినను, దానినే పంపుడు. చేయ నొల్లనిచో ఏమియు పంపకుడు. పిల్లను మేడమీదికి పంపుడు, ఎవరిదో తెగిన పటమును పట్టుకొని వచ్చును. మార్కులు తగ్గునని జంకవలదు. ఎల్.కె.జి.లో వచ్చిన మార్కులను ఈ దేశమున ఏ పోటీపరీక్షా సంస్థయు గాని, ఏ యజమాని గాని, పెండ్లిసంబంధములు చూచువారు గాని నేటి వరకు అడిగి యెరుగరు.