నూటపదహార్ల పరిశోధన

అచ్చయిన పేపర్ బూటకమని తేలి జర్నల్ వాళ్లు వెనక్కి తీసుకుంటే, ఆ విద్యాసంస్థకు మైనస్ మార్కులట. విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ 2025 సెప్టెంబర్ 4న వెలువరించిన పదో విడతలో కొత్త ముచ్చట ఇదే. తొలి ర్యాంకులు ఇచ్చింది 2016లో. ఎవరు ఎన్ని పేపర్లు వేశారు, వాటిని ఎంతమంది పేర్కొన్నారు, అంటే ఎన్ని సైటేషన్లు వచ్చాయి అని ఇన్నేళ్లూ లెక్కపెట్టి, లెక్కపెట్టినవాటిలో దొంగవి కూడా ఉండొచ్చని ఇప్పటికి స్ఫురించింది. సంతోషం. ఆలస్యమైందని నేనేమీ అనుకోవడం లేదు. నా బాధల్లా, ఇంత గొప్ప కొలమానాన్ని కాలేజీల గేటు దగ్గరే ఆపేశారని.

పెళ్లిళ్లకు కూడా పెట్టండి సారూ. మా దగ్గర సామగ్రి సిద్ధంగా ఉంది.

భిలాయిలోని మా రుఆబాంధాలో ఏ తెలుగింటి బీరువా తెరిచినా పట్టుచీరల కింద ఒక చదివింపుల పుస్తకం దొరుకుతుంది. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో ఉక్కు ప్లాంటులో పనికని వచ్చి, క్వార్టరు సంపాదించి, పిల్లల పెళ్లిళ్లు ఇక్కడే చేసిన తరం రాయించిన పుస్తకాలవి. ఎర్ర అట్ట, మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, పైన శ్రీరామ. కింద వరసగా మర్చంట్ మిల్లు మావయ్యగారు నూటపదహార్లు, కోక్ ఓవెన్ బావగారు నూటపదహార్లు, సెక్టార్-6 పెద్దమ్మగారు స్టీలు బిందె. ఉక్కు నగరంలో స్టీలు బిందెలకు కొదవేముంది, ప్రతి పుస్తకంలోనూ పేజీకి నాలుగు తగులుతాయి.

పెళ్లికొడుకు తాగుబోతా, అత్తగారు కోడలికి అన్నం పెట్టిందా, ఆ ఇద్దరూ ఆర్నెల్లయినా కలిసి ఉన్నారా అన్నది ఆ పుస్తకంలో ఒక్క ముక్క కూడా ఉండదు. ఎవరొచ్చారు, ఎంత చదివించారు, రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే మనం ఎంత తిరిగి పెట్టాలి. దాని పని అంతవరకే. పుస్తకం లావును బట్టి కాపురాన్ని కొలవొచ్చన్న ఆలోచన మా పెద్దవాళ్లలో ఒక్కరికీ రాలేదు. ఎంత వెనకబడి ఉన్నారో చూడండి.

ఆ మాటకొస్తే యూజీన్ గార్‌ఫీల్డ్‌కి కూడా మొదట్లో రాలేదు. 1955లో సైన్స్ పత్రికలో ఆ అమెరికా పెద్దమనిషి అడిగింది చిన్న సదుపాయం. ఒక పేపర్‌ను తర్వాత ఎవరెవరు పేర్కొన్నారో ఒకచోట రాసి పెడితే, అదే విషయం మీద మిగతావాళ్లేం చేశారో పట్టుకోవచ్చు. తప్పుల తడక పేపరైతే, ఎవరైనా ఆ సంగతి ముందే చెప్పారేమో చూసుకోవచ్చు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలైంది. అచ్చంగా చుట్టరికాల చిట్టా. ఆ చిట్టా కాస్తా ఆఫీసుల్లో బల్లల మీదికి చేరాక కాపురాలకు మార్కులు పడటం మొదలైంది.

సరే, నియమావళి రాసుకుందాం.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అని ఒకటి కనిపెట్టాడు. మీ పేపర్లలో పదింటికి తలా పది సైటేషన్లకు తగ్గకుండా వస్తే మీ ఇండెక్స్ పది. మన పద్ధతిలో పేపరంటే మీ ఇంట జరిగిన పెళ్లి, సైటేషన్ అంటే చదివింపు. ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కగానొక్క కూతురున్న తండ్రి భిలాయి మొత్తాన్ని పిలిచి వెయ్యిమంది చేత చదివింపులు రాయించుకున్నా ఆయన హెచ్-ఇండెక్స్ ఒకటి. బతికున్నంతకాలం ఒకటే. పదిమందిని కని, పది పెళ్లిళ్లకూ పదేసి మందిని పోగుచేసినాయన ఇండెక్స్ పది. ప్రమోషన్ ఎవరికో వేరే చెప్పాలా?

ఒక్క కూతురే ఉన్నవాళ్లు దిగులుపడనక్కర్లేదు. పెళ్లిని ముక్కలు చేసుకోవచ్చు. నిశ్చితార్థానికో పుస్తకం, హల్దీకో పుస్తకం, మెహందీకి, సంగీత్‌కి, ముహూర్తానికి, రిసెప్షన్‌కి తలా ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లో ఉంటున్న పుణ్యాన ఈ విద్య మాకు ఆంధ్రావాళ్లకంటే ముందే పట్టుబడింది. ముప్ఫై డిగ్రీల వేడి దగ్గర ఒక పేపర్, నలభై దగ్గర ఇంకొకటి, రెండింటినీ పోల్చి మూడోది రాసే ప్రొఫెసర్లు దీన్ని చూసి నేర్చుకున్నారో, వాళ్లను చూసి మనం నేర్చుకున్నామో చరిత్రకారులు తేల్చాలి.

గ్రూపు ఫొటోకు ప్రత్యేక నిబంధన ఉంది. పేపర్ మిల్లులని ఉన్నాయి. కాగితం చేసేవి కావు, పేపర్లు వండి, రచయితల వరసలో చోట్లు అమ్మేవి. మొదటి పేరుకు ఒక ధర, మూడో పేరుకు ఒక ధర. మనం కూడా పెళ్లికొడుకు కుర్చీకి ఒక రేటు, తోటిపెళ్లికొడుకుకు ఒక రేటు పెట్టేద్దాం. పెళ్లికూతురు ఎవరో డబ్బు కట్టినవాడికి తెలియనవసరం లేదు. పేపర్లో ఏముందో మూడో రచయితకు తెలుసా ఏమిటి?

ఇక చదివింపులు ఎలా పెంచాలి? మన పాత పద్ధతిలో నువ్వు నాకు నూటపదహార్లు, నేను నీకు నూటపదహార్లు. పది కుటుంబాలు కూడబలుక్కుని ఒకరి ఇంటికి ఒకరు తిరిగితే చాలు, అందరి పుస్తకాలూ నిండుతాయి, ఊళ్లో ఒక్క రూపాయి కొత్తగా పుట్టదు. అంతకంటే సులువు, కన్నతండ్రే తన పేరున తనే రాసుకోవడం. ఇంకా పైస్థాయి కావాలంటే చెన్నై వెళ్లాలి. వెనక్కి తీసుకున్న పేపర్ల మీద కన్నేసి ఉంచే రిట్రాక్షన్ వాచ్ వాళ్లు 2023లో సైన్స్ పత్రికలో రాసింది గుర్తుందిగా? సవీతా దంత వైద్య కళాశాలలో డిగ్రీ పిల్లల చేత పరీక్ష హాల్లో పేపర్లు రాయించి, వాటిలో ఆ సంస్థ పేపర్లకే గుట్టలుగా సైటేషన్లు ఇప్పించారన్నది కథనం. బడిపిల్లల్ని పంక్తిలో కూర్చోబెట్టి, వాళ్ల చేత హెడ్మాస్టరు గారింటి పెళ్లికి చదివింపులు రాయించడమన్నమాట. ఆ ఏడాది ఎన్ఐఆర్ఎఫ్ దంత వైద్య ర్యాంకుల్లో మొదటి స్థానం ఎవరిదనుకున్నారు? వాళ్లదే.

మండపం సంగతి కూడా చూడాలి. పెళ్లి ఎవరిదన్నది కాదు, ఏ ఫంక్షన్ హాల్లో జరిగిందన్నదే ముఖ్యం. మన పద్ధతిలో హాలంటే జర్నల్, దాని గొప్పకు వేసే అంకెనే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటారు. యూజీసీ వారు ఒకప్పుడు అనుమతించిన హాళ్ల జాబితా వేసి, 2018 మేలో ఉన్నట్టుండి 4,305 హాళ్లను కొట్టేశారు. అక్కడ అప్పటికే తాళి కట్టినవాళ్లు నోరెళ్లబెట్టారు. తర్వాత కేర్ అని కొత్త జాబితా. 2025 ఫిబ్రవరిలో అదీ వద్దన్నారు, ఇక మీ హాలు మీరే చూసుకోండన్నారు. ఈ రంగంలో తెలుగువాడి కీర్తిపతాక మాత్రం హైదరాబాదులోనే ఎగిరింది. 2007లో మొదలైన ఒమిక్స్ సంస్థ వందలకొద్దీ జర్నళ్లు తెరిచింది. పురోహితుడు లేడు, మంత్రం లేదు, హాలు అద్దె కడితే పెళ్లయినట్టే. శుభలేఖలో పెద్దపెద్ద వాళ్ల పేర్లు ఉండేవి, వాళ్లలో కొందరికి ఆ సంగతే తెలియదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది, 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. మన దేశంలో ఆ హాళ్లలో పెళ్లాడి ప్రమోషన్లు కొట్టినవాళ్ల జాబితా ఎవరైనా వేస్తే చదవాలని ఉంది.

కొలమానం కాస్త కచ్చితంగా ఉండాలి కాబట్టి పాత పెళ్లిళ్లను కూడా పరిశీలిద్దాం. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్న కల్యంపూడి రాధాకృష్ణారావు అనే పాతికేళ్ల కుర్రాడు 1945లో ఒక పేపర్ వేశాడు. ఎక్కడ? కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో. అది ఏ పాటి మండపమండీ, ఏసీ ఉందా, పార్కింగు ఉందా? గణాంకశాస్త్రం చదివే ప్రతివాడూ నేర్చుకోక తప్పని క్రామర్-రావు అవధి, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం ఆ పేపర్లోవే. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఇచ్చారు, అప్పటికి ఆయనకు నూరేళ్లు దాటాయి. ఇవాళ్టి స్క్రూటినీ కమిటీ ముందుకు అదే పేపర్ పట్టుకెళితే, స్కోపస్ డేటాబేసులో ఉందా బాబూ అని అడిగి ఫైలు పక్కన పడేస్తారు.

అసలు విషయానికొస్తే, ఈ మైనస్ మార్కులంటే విడాకులే. కాపురం కూలిందని తెలిశాక చదివింపుల్లోంచి కొంత తగ్గిస్తారు. ఇక్కడో చిక్కుంది. వెనక్కి తీసుకున్న పేపర్లకు ఆ తర్వాత కూడా సైటేషన్లు వస్తూనే ఉంటాయి. విడాకులై, పిల్ల పుట్టింటికి చేరినా, పుస్తకం ముందు జనం వరసలో నిలబడి నూటపదహార్లు రాయిస్తూనే ఉన్నారన్నమాట. మా వీధిలో చదివింపులు రాయడంలో చెయ్యి తిరిగిన పెద్దాయన ఒకరున్నారు. ఈ పథకమంతా ఆయనకు వివరించాను.

"అంతా బాగుంది గాని బాబూ, కాపురం ఎలా ఉందో ఎవరు చూస్తారు?" అన్నారు.

"అది మన పరిధిలోకి రాదండీ."

"మరి ఈ లెక్కలు వేసేవాళ్లకి జీతాలెందుకు?"

ఆయన ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసినవారు. ఇలాంటి ప్రశ్నలే వేస్తారు.

జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చదివింపుల పుస్తకం ఎవరైనా తిరగేశారా? 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి, ఒంట్లోని ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి మీద పేపర్ రాశారు. గార్‌ఫీల్డ్ వేసిన అత్యధిక సైటేషన్ల జాబితాల్లో అది ఉంది. ప్రయోగశాలలో ఫాస్ఫరస్ కొలిచిన ప్రతివాడూ దాన్ని పేర్కొనాల్సిందే కాబట్టి వచ్చిన సైటేషన్లవి. అంత పేపర్ రాసిన మనిషికి హార్వర్డ్ శాశ్వత కొలువు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందం తయారుచేసిన మందుల్లో డైఇథైల్ కార్బమజీన్ ఒకటి, బోదకాలుకు వాడేది. శ్రీకాకుళం పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి మింగించిన మాత్ర అదే. మా అత్తలు, పెద్దమ్మలు మింగారు. వాళ్లలో ఒక్కరైనా ఫుట్‌నోట్ రాశారా? వాళ్ల కాళ్లు వాయకపోవడాన్ని ఏ డేటాబేసులో వెతకాలి?

ఇక్కడికే రండి. ఉక్కు కరిగి ఉన్నప్పుడు అందులో హైడ్రోజన్ మిగిలిపోతే, రైలు పట్టా చల్లారాక లోపల కంటికి కనబడని పగుళ్లు వస్తాయి. ఆ పగులు పెరిగి ఒకరోజు పట్టా విరుగుతుంది, పైన బండి ఉంటుంది. ద్రవ ఉక్కును శూన్యం గుండా తిప్పి హైడ్రోజన్‌ను లాగేయడం, ప్రతి హీటుకూ, అంటే ఒకసారి కరిగించిన ఉక్కుకు, కొలవడం, లెక్క తప్పితే ఆ హీటును పట్టాలకు పంపనివ్వకపోవడం భిలాయిలో రోజువారీ పని. దేశం సగం మా పట్టాల మీద నిద్రపోతూ ప్రయాణం చేస్తుంది. అలాంటి పని చేసి రిటైరైన వాళ్లు సాయంత్రంపూట రుఆబాంధా బజార్లో బెండకాయలు ఏరుకుంటూ కనిపిస్తారు. వాళ్ల హెచ్-ఇండెక్స్ సున్నా. ఐఐటీ కూడా ఇక్కడికి దగ్గర్లోనే ఉంది, సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. వాళ్లలో ఎవరైనా ఈ ఊరి దుమ్ము మీదో నీళ్ల మీదో ఏళ్లతరబడి పనిచేసి, ఈ ఊరివాళ్లకు అర్థమయ్యేలా హిందీలో రాశారనుకోండి. సున్నా. తెలుగులో రాస్తే సున్నాకంటే తక్కువేదైనా ఉంటే అది.

ఇంజినీరింగు కాలేజీలకూ విశ్వవిద్యాలయాలకూ ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో పరిశోధన పద్దు కింద నూటికి 30 మార్కులు. ఆ ముప్ఫైలో పెద్ద వాటా పేపర్ల సంఖ్యకూ సైటేషన్లకూ. ఇది ఐఐటీకి సరిపోతుందేమో, నాకనవసరం. నాలుగు సెక్షన్లకు పాఠం చెప్పే ప్రైవేటు కాలేజీ లెక్చరర్ మెడకు దీన్ని కట్టినవాళ్లకు సిగ్గుండాలి.

నాకు తెలిసిన అమ్మాయి ఒకామె ఇటువైపు ఒక కాలేజీలో లోహశాస్త్రం చెబుతుంది. పేరు రాయను. జీతం నెలనెలా రాదు, స్కోపస్ పేపర్ ఎన్ని అనే ప్రశ్న మాత్రం నెలనెలా వస్తుంది. పనిచేసే ల్యాబు లేదు, ఉన్న ఫర్నేసు వెలగదు, వారానికి ఇన్ని క్లాసులు. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు ఐరన్-కార్బన్ పటం కళ్లు మూసుకుని గీస్తారు, వాళ్లను ప్లాంటులో తీసుకున్నవాళ్లు ఆమె పేరు అడిగి తెలుసుకున్నారు. ఆ పద్దుకు మార్కులు లేవు. కాంట్రాక్టు పొడిగించాలంటే పేపర్ కావాలన్నారు. ఎక్కడ దొరుకుతుందో కూడా వాళ్లే చెప్పారు. గాజులు తాకట్టు పెట్టి ఒక పేపర్లో నాలుగో పేరు కొనుక్కుంది.

రేపు ఆ పేపర్ వెనక్కి పోతుంది. కాలేజీకి దశాంశ బిందువు తర్వాత ఎక్కడో ఒక మైనస్ పడుతుంది. ఆమె ఉద్యోగం పోతుంది. కొనమన్న ప్రిన్సిపాలు గారు విచారణ కమిటీకి అధ్యక్షుడవుతారు. 30 మార్కుల పద్దు గీసినవాళ్లు ఢిల్లీలో తర్వాతి విడత విడుదల చేసి, నిజాయితీ గురించి మాట్లాడతారు.