కప్పు కింద కప్పు: ఒక ఇంటి సింగార పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

గోడ సున్నమూడె, గూళ్లన్ని మూసిరి,
పుట్టి పూసినారు పొలము నమ్మి;
నింగి దిగియె నింట, నిదె యేమి చోద్యమో!
కప్పు కింద కప్పు గట్టె మేస్త్రి.

అవతారిక

ఈ ఆటవెలదికి కవి ఎవరని వెతకవద్దు. టీక రాయాలని బుద్ధి పుట్టాక మూలం దొరకలేదు. అందువల్ల మూలం కూడా టీకాకారుడే అల్లుకున్నాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన మెదక్ జిల్లా కోల్చారం వాడంటారు. ఆ ఒట్టు మానేరు దాటి ఇటు చెల్లదు. పైగా ఇల్లు కొత్తగా చేయించే విషయంలో అక్కరలేనివి తీసేస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.

సందర్భం ఇది. ఇంట్లో పెండ్లి కుదిరింది. ఊరు కరీంనగర్ కావచ్చు, జగిత్యాల కావచ్చు, నిర్మల్ కావచ్చు. ముహూర్తానికి రెండు నెలల ముందు ఎవరో ఒకరు "ఇల్లు జర మంచిగ చేపిద్దాం" అంటారు. ఆ 'జర' అనే అవ్యయం నుంచే ఈ పద్యం పుట్టింది.

ప్రతిపదార్థం

గోడ = చుట్టూ నిలబడి ఏమీ అనని దాని యొక్క; సున్నము = పండుగకో పెండ్లికో వేసే తెల్లపూత; ఊడెన్ = ఊడింది (గీకించారు అని సంప్రదాయార్థం); గూళ్లు అన్ని = దర్వాజ పక్క దిగూడు మొదలు దేవుని గూడు దాకా అన్నింటినీ; మూసిరి = ఇటుక, సిమెంటు పెట్టి పూడ్చారు; పుట్టి = పుట్టి (దీనికి రెండర్థాలు, కింద చూడండి); పూసినారు = రెండు కోటింగులు పట్టించారు; పొలమున్ అమ్మి = పొలం అమ్మి; నింగి = ఆకాశం, అనగా జిప్సం బోర్డు; దిగియెన్ = దిగింది, సుమారు అడుగు; ఇంటన్ = ఇంటిలో; ఇదె ఏమి చోద్యమో = ఇదేం వింతో, అనగా బిల్లు చూసినప్పటి మాట; కప్పు కింద = స్లాబు కింద; కప్పు = ఫాల్స్ సీలింగు; కట్టెన్ = కట్టాడు; మేస్త్రి = అడ్వాన్సు తీసుకున్నవాడు.

తాత్పర్యం

ఉన్న గోడను లేనట్టు చేసి, ఉన్న కప్పును కనిపించకుండా చేసి, ఆ తర్వాత ఇల్లు బాగుందన్నారు.

విశేషాలు

'గోడ సున్నమూడె' అనడంలో కవి కొంచెం తొందరపడ్డాడు. సున్నం తనంతట తాను అంత తేలికగా ఊడదు. నీళ్లలో మగ్గబెట్టి, పలచగా కలిపి, కుంచెతో ఏటేటా పూత మీద పూత వేస్తే అది గోడతో కలిసిపోతుంది. తడి పీలుస్తుంది, ఎండకు వదులుతుంది. మన వైపు పల్లెల్లో ఈ తెలుపుకు కింద మోకాలెత్తున జాజు పట్టీ, దాని కింద పేడతో అలికిన అరుగు ఉండేవి. ఇప్పుడు లోకరీతి చూడండి. ఏటేటా ప్రపంచానికి ఒక రంగును ప్రకటించే పాంటోన్ అనే అమెరికా సంస్థ 2025కు 'మోకా మూస్' అనే మట్టిరంగును, 2026కు 'క్లౌడ్ డాన్సర్' అనే తెలుపును ఎంచింది. మొదటిది అలికిన అరుగు, రెండోది సున్నం. నడుమ జాజు పట్టీ ఇంకా వాళ్ల దృష్టికి పోలేదు.

ఇంతకన్నా చోద్యం, సున్నం మళ్లీ 'లైమ్ వాష్ ఫినిష్' అనే పేరుతో డబ్బాలో వచ్చింది. దాన్ని వేసే క్రమం ఇట్లా: పాత సున్నం గీకాలి, పుట్టి పూయాలి, ప్రైమర్ వేయాలి, ఆ మీద సున్నంలాగా కనిపించే రంగు వేయాలి. సున్నానికి సున్నమే ఉపమానం అయినప్పుడు అది అనన్వయాలంకారం. అలంకారం చదరపు అడుగు లెక్కన అమ్ముడుపోవడం మాత్రం లాక్షణికులు ఊహించలేదు.

'గూళ్లన్ని మూసిరి' అన్నది పద్యానికి ప్రాణం. టీకాకారుడు ఇక్కడ కాసేపు కూర్చుంటాడు.

పాత మట్టిగోడ మూరెడు మందం ఉండేది. అంత మందంలో గూడు దానంతటదే పుడుతుంది, వేరే కర్ర అక్కరలేదు. దర్వాజ పక్కన దిగూడు దీపానికి. అర్రలో గూడు బొట్టుపెట్టెకు, అద్దానికి. వంటింట్లో గూడు ఉప్పుకు, కారానికి. పిల్లల గూట్లో పలక, బలపాలు, నిర్మల్ పోయివచ్చిన వాళ్లు తెచ్చిన పండ్ల బొమ్మలు. ఈ బొమ్మలను తేలికైన పొనికి కర్రతో చెక్కి, అతుకులను చింతగింజల బంకతో పూడ్చి, సుద్ద పూసి, రంగులేస్తారు. 2009లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికే వాటిని పెట్టుకునే గూడు చాలా ఇండ్లలో లేదు. బొమ్మకు ప్రభుత్వం రక్ష కట్టింది కాని గూటికి కట్టలేదు.

తొమ్మిదించుల ఇటుక గోడ వచ్చాక గూడు లోతు తగ్గింది. నాలుగున్నర ఇంచుల అడ్డుగోడ వచ్చాక అసలే పట్టలేదు. పాత ఇండ్లలో మిగిలినవాటికేమో దుమ్ము పడుతుందని, గోడ 'ప్లెయిన్' కావాలని పేరు పెట్టి మూయించారు. ఒక ఇంట్లో మూయించే రోజున జరిగిన సంవాదాన్ని దృష్టాంతంగా ఇస్తున్నాను.

"దిగూడు మూస్తే దీపమేడ వెడుతవే బిడ్డా?"

"సీలింగుల పద్దెనిమిది లైట్లు వెడుతున్నరు గదా అత్తమ్మా."

"కరెంటు వోతే?"

"ఇన్వర్టరున్నది."

అత్త ఇంకేమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారమని సామెత. అయితే ఆ మౌనం ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్లు పోసేది ఎవరో తెలిసిన మౌనం.

గూడు మూసిన ఏడాదికి ఆ ఇంటికే డిజైనర్ వచ్చాడు. టీవీ గోడకు రెండు పక్కలా జిప్సం పెట్టెలు కట్టి, లోపల ఎల్ఈడీ పట్టీ వేసి, దాన్ని 'నిష్' అన్నాడు. అందులో ఏదైనా 'ట్రైబల్ పీస్' పెడితే ఎత్తొస్తుందన్నాడు. ఆ మాటతో ఆదిలాబాద్ డోక్రా నెమలి ఒకటి ఇంటికి వచ్చింది. మన ఉషేగాం ఊళ్లో ఓజా కళాకారులు పోసేది ఇదే. మట్టిముద్ద మీద మైనపు తీగలతో బొమ్మ చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాలి. అంటే ఒక అచ్చుకు ఒకే నెమలి. దీనికి 2018లో గుర్తింపు వచ్చింది. అదే ఇంట్లో పూజగది తలుపుకు సీఎన్‌సీ యంత్రం కోసిన జాలీ ఉంది. ఆ వాడలో పదిండ్లకు అదే జాలీ, అదే ఓంకారం. ఈ రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇంతకీ 'మూసిరి' అనే క్రియకు కర్త ఎవరన్నది ప్రశ్న. సుతారి అని కొందరు, అత్తామామలను ఒప్పించిన కోడలు అని కొందరు. టీకాకారుడి మతంలో కర్త రీలు. ఫోన్లో చూసిన ఇంటికి గూళ్లుండవు. ఆ ఇల్లు ఎక్కడిదో, అక్కడ వానలెంతో, దుమ్మెంతో రీలు చెప్పదు.

ఇక 'పుట్టి'. పుట్టి అంటే వడ్ల కొలత, ఇరవై తూములు. గోడకు పూసే తెల్లపిండి కూడా పుట్టీయే. ఇది శ్లేష. ఈ శ్లేష ఎంత గట్టిదో తెలియాలంటే బస్తా చూడాలి. పుట్టి బస్తా 40 కిలోలు. కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టే వడ్ల బస్తా కూడా 40 కిలోలే. తేడా అల్లా వడ్లకు తరుగు తీస్తారు, పుట్టికి తీయరు. యాసంగి పంట ఒక బస్తాగా ఇంట్లోంచి పోయి, ఇంకో బస్తాగా వచ్చి గోడకు అంటుకుంటుంది.

'పొలమునమ్మి' అన్నచోట వ్యాఖ్యాతలు రెండుగా చీలతారు. పొలమున్ అమ్మి అని ఒక పదచ్ఛేదం. పొలమున్ నమ్మి, అంటే ఈసారి పంట మంచిగొస్తదని నమ్మి బాకీ చేసి, అని మరొకటి. రెండూ జరిగేవే. మూడో పాఠం లేదు గాని మూడో దారి ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఎన్నో ఇండ్ల పుట్టి గల్ఫ్ నుంచి వస్తుంది. అక్కడ పెద్ద భవనాల్లో సీలింగు పని చేసే కొడుకు, తన ఇంటికి ఎట్లాంటిది వేయాలో అక్కడి నుంచే ఫోటో పంపుతాడు. ఆ ఇంటి సీలింగును ఎవరూ ఎక్కువన్నట్టు నేనెన్నడూ వినలేదు, అననూ కూడదు. కొడుకు కనిపించకపోయినా కొడుకు పని కనిపిస్తుంది.

'నింగి దిగియె నింట' అన్నది అతిశయోక్తి అని తొందరపడకండి. పడకగదిలో నీలం వేసి, మబ్బులు వేసి, రాత్రి మెరిసే చుక్కలు పెట్టించే వాడుక ఉంది. కాబట్టి ఇది స్వభావోక్తి. పది అడుగుల స్లాబు తొమ్మిదికి దిగుతుంది. మన ప్రాంతం సంగతి తెలిసిందే. వేసవిలో రామగుండం 45 డిగ్రీలు దాటుతుంది, చలికాలంలో ఆదిలాబాద్ ఐదుకు దిగిన రోజులున్నాయి. స్లాబుకు, బోర్డుకు నడుమ గాలి ఉంటుంది గనక పై ఎండ కొంత ఆగుతుందని సీలింగు పక్షం వాదం. అందులో కొంత నిజముంది. కాని ఆ పని గూన ఇల్లు ఉట్టిగనే చేసేది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పోయేది, కింద అటుక ఆపేది. ఎలుకలూ తిరిగేవి, అది ఒప్పుకోవాలి. సీలింగు వెనక కూడా తిరుగుతాయి, కనిపించవంతే.

'గట్టె మేస్త్రి' అన్నచోట 'గట్టె సుతారి' అని పాఠాంతరం ఉంటే మన యాసకు బాగుండేది. మన దగ్గర ఇల్లు కట్టేవాణ్ణి సుతారి అనే అంటాం. కాని అక్కడ సూర్యగణం పడాలి, సుతారి జగణం. ఛందస్సు ఒప్పుకోదు. వాస్తవం కూడా ఒప్పుకోదు. సీలింగు పనికి వచ్చేవాళ్లు చాలామట్టుకు బిహార్, రాజస్థాన్ వాళ్లు. యతి మాత్రం చెడలేదు. ఈ ఇంట్లో చెడనిది అదొక్కటే.

పూర్వపక్షం: "అయితే కొత్తదేదీ ఇంట్లకు రావద్దా? మట్టిగోడల్నే పట్టుకొని ఉండాల్నా?"

సమాధానం: రావాలి. గోడకు కొత్త సొగసు కోరడం ఇవాళ్టిది కాదు. ఒక్క గోడను వేరే తీరుగా చేయించడాన్ని ఇప్పుడు 'యాక్సెంట్ వాల్' అంటున్నారు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట మీద, కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు 945 ప్రాంతంలో ఆ పని చేయించాడు. బండ మీద చక్రేశ్వరిని, తీర్థంకరులను చెక్కించి, కింద సంస్కృతంలో, కన్నడంలో, తెలుగులో శాసనం వేయించాడు. తెలుగులో దొరికిన తొలి కందపద్యాలు అవే. వెయ్యేండ్లు దాటినా పుట్టి అడగలేదు.

ఆ చుట్టుపక్కల గుట్టలకు పట్టిన గతి వేరు. కరీంనగర్ రాయిని 'టాన్ బ్రౌన్' అని, 'మేపుల్ రెడ్' అని పేర్లు పెట్టి దిమ్మెలుగా కోస్తారు. దిమ్మె రైలెక్కి కాకినాడ రేవు చేరి చైనాకు పోతుంది. మన హాలులోకేమో గుజరాత్‌లోని మోర్బి నుంచి టైల్ వస్తుంది, దాని మీద రాయి బొమ్మ అచ్చేసి ఉంటుంది. నాలుగు పెట్టెలు విప్పి పరిస్తే ఒకే గీత నాలుగు చోట్ల కనిపిస్తుంది. రాయి అమ్మి రాయి బొమ్మ కొన్నాం. ఇందులో తుడవడం సులువన్న లాభం ఉంది, కాదనను. టేకు సంగతీ అంతే. ఆదిలాబాద్ టేకు దర్వాజ తీసేసి, టేకు గీతలున్న మైకా అతికించిన ప్లైవుడ్ తలుపు పెట్టిన ఇండ్లున్నాయి. పాత దర్వాజ ఏ పట్నం హోటలుకో చేరి 'యాంటిక్' అయింది.

కొత్తది తెచ్చుకునేవాళ్లు ఇంటికి దగ్గర్లో ఉన్నదాన్ని ముందు అడగాలన్నది సిద్ధాంతం. కరీంనగర్ వెండితీగ పనికి 2007 నుంచే గుర్తింపు ఉంది. మనం దాన్ని పెద్దమనుషులకు జ్ఞాపికగా ఇస్తాం, ఇంట్లో పెట్టుకోం. వెండి ధరకు అది అందరికీ అందదు, నిజమే. పొనికి బొమ్మ అందుతుంది. డోక్రా దీపపు సెమ్మె కొంచెం కష్టపడితే అందుతుంది. వాటిని సీలింగు లైట్ల కింద గాజు షోకేసులో బంధించకుండా పెట్టడానికి గోడలో జానెడు లోతు చాలు.

పాత ఇల్లు ఇంకా నిలబడి ఉన్నవాళ్లకు టీకాకారుడి విన్నపం ఒక్కటే. సున్నం పోతే పోనీయండి, పుట్టి పూయించుకోండి, సీలింగుకు మబ్బులూ వేయించుకోండి. గూళ్ల చుట్టూ మాత్రం జాజుతో గీత గీసి, ఇవి మూయొద్దని సుతారికి చెప్పండి. అడ్వాన్సు ఇయ్యక ముందే చెప్పండి, ఇచ్చినంక ఎవరూ వినరు.