ప్రశాంతతకి పంచక్రోశం

నల్లకుంటలో కుంట లేదు. వానాకాలంలో రెండు గంటలు గట్టిగా కురిస్తే మాత్రం రోడ్డు మీద కాసేపు కనిపించి పోతుంది. ఇలాంటి చోట కాపురం ఉంటున్నవాణ్ణి పట్టుకుని టెక్సాస్‌లో చదివే మా మేనల్లుడు, "స్ప్రింగ్ బ్రేక్ మామా, ఎవరూ పోని ఓ నది ఒడ్డుకి పోతున్నాం. మీరూ ఎటైనా వెళ్ళొచ్చుగా" అనేసరికి రోషం వచ్చింది.

మనకి స్ప్రింగ్ ఉంది, బ్రేకే లేదు. మార్చి అంటే ఒంటిపూట బడులు, ఇంటర్ పరీక్షలు, ఆస్తిపన్ను. ఉస్మానియా క్యాంపస్‌లో చెట్లన్నీ చిగురిస్తాయి. వాటి కింద గ్రూప్స్ పుస్తకాలతో కూర్చున్న పిల్లలకి చిగురించాల్సింది నోటిఫికేషన్ ఒక్కటే.

అయినా సరే, ఉగాదికి ఆదివారం కలిపి చెన్నూరు బయల్దేరాను. తార్నాక మిత్రుడు "చెన్నైయా?" అన్నాడు. పక్కింటాయన "ఏముందక్కడ?" అన్నాడు. గోదావరి అన్నాను. "గోదావరి రాజమండ్రిలో కదండీ ఉండేది!" కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి భద్రాచలం దాకా వచ్చే నదికి, పాపం, దారిలో సినిమా కెమెరాలు తగల్లేదు.

మంచిర్యాల దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. చెన్నూరులో గోదావరి ఉత్తరానికి తిరుగుతుంది. అయిదు క్రోసుల మేర అలాగే పోతుంది కాబట్టి పంచక్రోశ ఉత్తరవాహిని అన్నారు. నేను వెళ్ళేసరికి ఇసుకే ఎక్కువ. చెప్పులు చేతబట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో అరికాళ్ళు చుర్రుమన్నాయి. నీళ్ళు ఎక్కడో అవతలి ఒడ్డు వారగా, మనకి సంబంధం లేనట్టు పారుతున్నాయి. గట్టు మీద పుచ్చకాయ ముక్కలమ్మే అవ్వ "యాడికెల్లి వచ్చిండ్రు సారూ?" అంది. హైదరాబాద్ అన్నాను. "గట్లనా. మీరు తాగంగ మిగిలినయే బిడ్డా ఇవి."

నిజమే. ఎగువన ఎల్లంపల్లి నుంచి 2015లో నగరానికి పైపులు వేసుకున్నాం. ఆ ఏడాది జులైలోనే పుష్కరాలు కూడా. పన్నెండు రోజులు తోసుకుంటూ మునిగాం. తర్వాత గోదావరమ్మే పైపులో మన దగ్గరికి వస్తోంది కదా, మళ్ళీ మనం పోవడం దేనికని ఊరుకున్నాం.

అరగంట ప్రశాంతంగా కూర్చున్నాను. ఆ పైన చెయ్యి ఊరుకోలేదు, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఓ ఫొటో పెట్టాను. "ఏసీ రూములున్నాయా?" "పార్కింగ్?" "రీల్స్‌కి బాగుంటుందా?" "లొకేషన్ పెట్టండి, మూడు కార్లలో వస్తాం." నాకు ముచ్చెమటలు పట్టాయి. వెంటనే "దోమలు విపరీతం" అని కొట్టాను. గ్రూపు చల్లబడింది.

అబద్ధమే. నన్ను ఒక్క దోమా కుట్టలేదు. దోమలన్నీ నల్లకుంటలోనే ఉన్నాయి, ఫీవర్ ఆసుపత్రి ఊరికే పెట్టారా ఇక్కడ! 2027లో మళ్ళీ పుష్కరాలు, అప్పుడెలాగూ అందరం అక్కడే ఉంటాం. అందాకా చెన్నూరు ఎలా ఉంటుందని ఎవరడిగినా, దయచేసి మీరూ దోమలనే చెప్పండి.