బాకీ

పరలోక ప్రార్థనలో ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ నోరు మూసుకునేది.

చిన్నప్పుడు గుళ్లో ఆమె పక్కనే చాప మీద మోకరించేవాణ్ని కాబట్టి నాకు తెలుసు. ప్రభువు నేర్పిన ఆ ప్రార్థన మన తెలుగు బైబిల్లో రుణాల గురించి మాట్లాడుతుంది. మాకు బాకీపడ్డవాళ్లను మేం వదిలేశాం, మా బాకీ నువ్వు వదిలెయ్యి అని అడుగుతుంది. రైతులూ కూలీలూ నిండిన మా గుడికి అంతకంటే బాగా అర్థమయ్యే మాట ఇంకోటి లేదు. అందరి గొంతులూ కలిసి ఆ చోటికి చేరేసరికి అమ్మ పెదాలు బిగుసుకునేవి. అది దాటాక మళ్లీ కలిసేది.

గుడి ఊడ్చేది ఆమె. బల్ల మీద తెల్లగుడ్డ ఉతికి పరిచేది ఆమె. స్త్రీల మైత్రిలో ఎవరింట కష్టమొచ్చినా ముందు వెళ్లేది ఆమె. కానీ సంస్కారపు ఆదివారం అందరూ లేచి రొట్టె, ద్రాక్షారసం అందుకోవడానికి వెళుతుంటే తను మాత్రం చాప మీదే కూర్చునేది. పాస్టరుగారు అడిగితే, "వదిలెయ్యనిది వదిలేశానని దేవుడి ముందు ఎట్టా చెప్పనయ్యగారూ?" అనేది. అలా 21 ఏళ్లు.

ఆమెకు బాకీపడ్డ మనిషి మా బాబాయి.

మాది దివిసీమ. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళితే మా ఊరు. 1977 నవంబరు 19, శనివారం. అమ్మమ్మకు జ్వరంగా ఉందని నాన్న నన్ను తీసుకుని చల్లపల్లి వెళ్లాడు. నాకప్పుడు ఏడేళ్లు. ఇంట్లో ఉన్నది ముగ్గురు: అమ్మ, పద్నాలుగు నెలల చెల్లి, ఇంకా పెళ్లికాని బాబాయి. పొద్దుటినుంచీ గాలి. సాయంత్రానికి సముద్రమే లేచి ఊళ్ల మీదికి నడిచొచ్చింది. నీళ్లు మూడు నిలువుల ఎత్తున వచ్చాయంటారు. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు 10 వేల దాకా ఉన్నారు. బతికినవాళ్లలో చాలామంది తుమ్మచెట్లూ తాడిచెట్లూ పట్టుకుని బతికినవాళ్లే. జుట్టు ముళ్లకొమ్మకు చుట్టుకుపోయి వేలాడుతున్న అమ్మను, నీరు తీశాక, ఆ జుట్టు తెంపి కిందికి దింపింది బాబాయే.

మూడోరోజు, అవనిగడ్డలో ఒక బడి వరండాలో అమ్మకు తెలివొచ్చింది. నాన్న పక్కన నేను నిలబడి ఉన్నాను. కళ్లు తెరిచి ఆమె మొదట అడిగిన మాట, "పాప ఎవరి దగ్గరుంది?"

ఎవరూ పలకలేదు. బాబాయి ముందుకొచ్చాడు. "నా దగ్గరే ఉంది వదినా. చెయ్యి జారింది."

ఆ తర్వాత అమ్మ పెట్టిన కేక ఇప్పటికీ నాకు వినబడుతుంది. చెల్లి దొరకలేదు. అమ్మ బాబాయితో మాట్లాడటం ఆ రోజుతో ఆగిపోయింది. పక్కపక్క ఇళ్లు, మధ్యలో ఒక కంచె. క్రిస్మస్‌కి ఆయన పంపిన కొత్తబియ్యం వచ్చిన దారినే వెనక్కి వెళ్లేవి. ఏటా నవంబరు 19న పోయినవాళ్ల కోసం గుళ్లో ప్రార్థన జరిగితే ఆయన లోపలికి రాకుండా గానుగచెట్టు కింద నిలబడేవాడు. నాన్న పోయినప్పుడు పాడె మోసి, కంచె దాటకుండానే వెళ్లిపోయాడు. నేనూ అమ్మ కొడుకునే కదా, బాబాయి అని పిలవడం మానేశాను. ఒకసారి ఆయన పిలిచి జామకాయ చేతిలో పెడితే, ఆయన చూస్తుండగానే నేలకేసి కొట్టాను. ఆయన వంగి తీసుకుని, తుడిచి, జేబులో వేసుకున్నాడు.

అమ్మకు నిప్పుల్లా తగిలేది ఇంకొకటి. సంస్కారపు ఆదివారం బాబాయి తప్పకుండా బల్ల దగ్గరికి వెళ్లేవాడు. తల నేలకు ఆనించి, అందరూ లేచిపోయాక లేచేవాడు. "ఏ మొహంతో తీసుకుంటాడు?" అని అమ్మ రాత్రంతా అటూ ఇటూ పొర్లేది. గాలి కాస్త గట్టిగా వీస్తే లేచి కూర్చునేది. నాకు గుర్తున్నంతవరకు ఆ ఇరవై ఏళ్లలో ఆమె తెల్లవార్లూ నిద్రపోయిన రాత్రి లేదు.

1999 జనవరిలో ఒరిస్సాలో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతిలతో సహా మనోహర్‌పూర్‌లో జీపులో తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్, చేసినవాళ్లను క్షమిస్తున్నానంది. ఆ కుష్ఠురోగుల సేవ వదలకుండా కూతురితో అక్కడే ఉంటానంది. పాస్టరుగారు ఇది చెబుతూ మధ్యలో ఆగిపోయి ఏడ్చారు. అమ్మ ఏడవలేదు. పేపర్లో వచ్చిన ఆ తల్లీకూతుళ్ల ఫొటో కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. వారంపాటు అన్నం సరిగ్గా తినలేదు.

"ఆమె బిడ్డల్ని కావాలని కాల్చారు," అంది ఒక రాత్రి, చీకట్లో. "ఈయనది చెయ్యి జారింది. అంతేగా?"

ఫిబ్రవరి మొదటి ఆదివారం, తెల్లవారకముందే తలస్నానం చేసి, కంచె దాటి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. బాబాయి అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏవయ్యా, పాప సంగతి వదిలేశాను. నిన్ను క్షమించాను. ఇంక నువ్వు నాకేం బాకీ లేవు."

ఆయన రెండు చేతులూ జోడించాడు. నోట మాట రాలేదు. కాసేపటికి, "నువ్వు బతికున్నావు వదినా, అదే చాలు," అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో నాకప్పుడు తెలియలేదు.

ఆ రోజు అమ్మ బల్ల దగ్గర మోకరించింది, బాబాయి పక్కనే. ప్రార్థనలో ఆ మాట ఆమె నోట పూర్తిగా వినడం నాకదే మొదలు. ఆ రాత్రి అమ్మ పడుకుంది. పొద్దెక్కినా లేవకపోతే భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. హాయిగా నిద్రపోతోంది.

ఆ శాంతి నాలుగు రోజుల ముచ్చట కాదు, నేను సాక్షిని. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాటి ఆదివారం, సునామీ అని కేకలు వినబడి గుళ్లోంచి జనం పరుగెత్తారు. అమ్మ కంగారు పడలేదు. బాబాయి మనవరాలు, ఏడాది పిల్ల, ఏడుస్తుంటే ఎత్తుకుని నడిచింది. బాబాయి ఆయాసపడుతూ పక్కన పరుగెత్తుకొచ్చి, "నాకివ్వు వదినా," అన్నాడు.

"వద్దులేవయ్యా. నా చేతుల్లోంచి జారదులే." ఎత్తిపొడుపు లేదందులో. నవ్వుతూ, చనువుగా అంది.

బాబాయి తల దించుకుని వెనక నడిచాడు.

బాబాయి కిందటి వేసవిలో పోయాడు. భూస్థాపన అయ్యాక, అందరూ వెళ్లిపోయాక, పిన్ని నన్ను గానుగచెట్టు కిందికి పిలిచింది.

"ఒరే అబ్బాయ్, ఇంక దాచలేన్రా. ఆ రాత్రి పాప ఆయన దగ్గర లేదు."

నాకర్థం కాలేదు.

"అక్క దగ్గరే ఉంది. చెంగుతో గుండెలకు కట్టుకుని చెట్టెక్కింది. ఈయన పక్క కొమ్మ మీదున్నాడు. నాకివ్వు వదినా, నీ చేతులు లాగేస్తాయి అని ఎన్నిసార్లడిగినా ఇయ్యలేదట. తెల్లారగట్ల అక్కకు స్పృహ తప్పింది. చెంగు ముడి వీడింది. ఈయన చెయ్యి చాచాడు. పాప గౌను అంచు వేళ్లకు తగిలిందట. అంతే."

"మరి వరండాలో..."

"పాప ఎవరి దగ్గరుందని అడిగిందంటగా. తనకేం గుర్తులేదని ఆయనకు తెలిసిపోయింది. నిజం చెబితే ఆవిడ బతికేదంటావా? పెళ్లైన కొత్తలో నేనూ ఆయన్ను అసహ్యించుకుంటే అప్పుడు చెప్పాడు, బైబిలు మీద ఒట్టు వేయించుకుని. అబద్ధమాడానని ప్రతి సంస్కారపు ఆదివారం ఆ ఒక్కదానికే క్షమాపణ అడిగేవాడు."

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. అమ్మ అప్పటికే పక్క వేసుకుని, ప్రార్థన ముగించి, నా కోసం చూస్తోంది.

"పిన్ని ఏమంటోంది?"

"ఏం లేదమ్మా."

"మీ బాబాయి మంచోడ్రా. ఆ ఒక్క చెయ్యి జారకపోతే వంక పెట్టడానికి లేని మనిషి. క్షమించి సాగనంపాను, నాకది తృప్తి." దుప్పటి మెడదాకా లాక్కుంది. "ఇప్పుడు నాకెవరూ బాకీ లేరు. నేనూ ఎవరికీ బాకీ లేను. లైటు తీసెయ్ నాయనా, నిద్రొస్తోంది."